నీళ్ల పని నేర్చుకొనుటకు మన పిల్లలకు గల దారులు

(సంఘ వార్షిక సమావేశములో చేసిన ప్రసంగ పాఠము)



కార్యదర్శిగారు మాకిచ్చిన అంశము "విద్య, ఉపాధి". దీని మీద ఏటా ఎవరో ఒకరు మాట్లాడుచునే ఉన్నారు. డాక్టరు కావాలి, ఇంజనీరు కావాలి, కలెక్టరు కావాలి అని పిల్లలకు చెప్పి చప్పట్లు కొట్టించుకొని దిగిపోవుట సులువు. ఈసారి మేము ఎవరూ చెప్పని పనిని గురించి మనవి చేయదలచినాము. అది నీళ్ల పని. కొళాయి బిగించుట, నీటిని పరీక్షించుట, ట్యాంకులో మందు కలుపుట, మరుగుదొడ్డి గుంత సరిగా కట్టించుట, వరద వచ్చిన ఊరిలో జనానికి శుభ్రమైన నీరు అందించుట, చేతులు కడుక్కొనే అలవాటు పిల్లలకు నేర్పుట, ఇవన్నీ ఒకే కుటుంబానికి చెందిన పనులు. ప్రభుత్వ పథకాలలోను, స్వచ్ఛంద సంస్థల ప్రాజెక్టులలోను వీటికి మనుషులు కావాలి. ఊరకే మనుషులు కాదు, నేర్చినవారు కావాలి.

"పైపులు బిగించడానికి చదువెందుకు మాస్టారూ?" అని అడిగేవారున్నారు. మన మొహల్లాలలో పైపు పని, మోటారు పని, బోరు పని చేయువారు ఎందరో ఉన్నారు. పన్నెండు పదమూడేళ్లకే ఉస్తాద్ వెంట సైకిలెక్కి, ఆయన సామాను మోసి నేర్చుకున్నవారు. వారి చేతిలో పనితనం ఉన్నది, దానికి మేము సలాము చేస్తాము. అయితే చేతికి వచ్చిన పని వేరు, దాని వెనుకనున్న లెక్క వేరు. మంచినీటి పైపును మురుగు కాలువ పక్కన వేయవచ్చునా? వేయక తప్పకపోతే ఏది పైన ఉండాలి, ఏది కింద ఉండాలి? కొళాయిలో నీళ్లు ఆగిపోయినపుడు పైపు లోపల ఏమగుచున్నది? ఈ చివరి ప్రశ్నకు జవాబు తెలియనందున ప్రాణాలు పోతాయి. నీటి ఒత్తిడి లేని వేళ పైపుకు చిన్న పగులున్నా చాలు, చుట్టూ ఉన్న మురుగును అది లోపలికి పీల్చుకుంటుంది. మరుసటి రోజు కొళాయి విప్పితే ఆ మురుగే బిందెలోకి వస్తుంది.

2009 మే నెలలో హైదరాబాదు భోలక్‌పూరులో ఏమి జరిగినదో పెద్దలకు జ్ఞాపకముండవచ్చు. కొళాయి నీరు కలుషితమై, బస్తీలో కలరా, వాంతులు, విరేచనాలు వ్యాపించి పలువురు మరణించారు. అక్కడ మనవారు ఎక్కువగా ఉండే గల్లీలే. నీళ్ల రంగు మారింది, వాసన వస్తున్నది అని ముందు తెలిసేది ఇంటి ఆడవారికి. కాని అది ఎవరికి చెప్పాలి, ఎలా పరీక్షించాలి, ఆ రోజుకు ఏమి చేయాలి అన్నది తెలిసిన మనిషి ప్రతి గల్లీలోను ఒక్కరైనా ఉండవలెను గదా!

ఇక బ్లీచింగ్ పౌడరు సంగతి. మన వాళ్లు గుప్పెడు తీసి ట్యాంకులో చల్లుతారు. ఎక్కువైతే వాసనకు ఎవరూ తాగరు, తక్కువైతే వేసినా వేయనట్లే. తేటగా ఉన్న నీరు వెయ్యి లీటర్లకు మంచి పౌడరు సుమారు 2.5 గ్రాములు సరిపోతుంది. అంటే పదివేల లీటర్ల సంపుకు 25 గ్రాములు. దానిని కూడా పొడిగా చల్లకూడదు. బకెట్టులో కొద్ది నీటితో ముద్దగా కలిపి, మళ్లీ నీళ్లు పోసి, సున్నం అడుగుకు దిగేదాకా ఆగి, పైతేట మాత్రమే ట్యాంకులో పోయాలి. గంటసేపు ఆగాలి. తరువాత కొళాయి దగ్గర పరీక్షిస్తే లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలని భారతీయ ప్రమాణము. మూత తీసి పెట్టిన సంచిలోని పౌడరు నెలలు గడిస్తే సత్తువ పోయిన సున్నమే. ఇదంతా ఎనిమిదో తరగతి లెక్క, పదో తరగతి కెమిస్ట్రీ. మా తరగతిలో పిల్లలు దీనిని అరగంటలో పట్టేస్తారు. నేర్పేవారు కావాలి, అంతే.

ఇంకొక మాట. సెప్టిక్ ట్యాంకులో మనిషి చనిపోయినాడని పేపర్లో చదువుతూనే ఉంటాము. మూత తీయగానే కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తుంది. ఆ గ్యాసు ఎక్కువగా ఉంటే ముక్కు దానిని పట్టే శక్తినే కోల్పోతుంది. వాసన పోయిందిలే అనుకొని దిగినవాడు పడిపోతాడు. వానిని తీయబోయి అన్న దిగుతాడు, అన్నను తీయబోయి బావమరిది దిగుతాడు. ఒకే గుంతలో ముగ్గురు. 2013 చట్టము రక్షణ సామగ్రి లేకుండా మనిషిని సెప్టిక్ ట్యాంకులోకి, మురుగు కాలువలోకి దింపుటను నిషేధించినది. ఇట్టి మరణాలకు పది లక్షల పరిహారము ఇవ్వాలని 2014లో సుప్రీంకోర్టు చెప్పి, 2023లో దానిని ముప్పది లక్షలకు పెంచినది. డబ్బు వచ్చినంతలో ఇంటికి తండ్రి తిరిగి రాడు గదా. శిక్షణ పొందినవాడు చేసే మొదటి పని ఏమిటో తెలుసా? దిగకపోవుట. యంత్రము పిలిపించుట.

ఇది మురికి పని, మన ఖాందాన్‌కు తగదు అని కొందరు మొహం చిట్లిస్తారు. 1539లో చౌసా దగ్గర ఓడి నదిలో మునిగిపోబోయిన హుమాయూన్ బాదుషాను ఒడ్డు చేర్చినవాడు నిజాం అనే భిస్తీ. తోలు సంచిలో నీళ్లు మోసేవాడు. ఆ ఉపకారానికి బదులుగా కొంతసేపు తఖ్తు మీద కూర్చున్నాడని చరిత్ర పుస్తకాలలో మీరూ చదివినారు. మనకు ఎంతో దూరం లేని బీదరులో బహమనీల కాలంలో నేల కింద సొరంగము తవ్వి నీరు తెచ్చిన కరేజ్ నేటికీ ఉన్నది. రోజుకు ఐదుసార్లు వజూ చేయువారికి నీళ్ల పని నామోషీ ఎట్లా అయిందో మాకు అర్థం కాదు.

సరే, దారులేమిటి?

మొదట ఇప్పటికే పని చేయుచున్నవారి సంగతి. పదేళ్లుగా పైపు పని చేస్తున్న మనిషిని మళ్లీ బడిలో కూర్చోమనుట న్యాయం కాదు. ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో, ముందే పని వచ్చినవారిని పరీక్షించి సర్టిఫికెట్టు ఇచ్చే పద్ధతి ఉన్నది. కొద్దిపాటి తరగతి, ఆ తరువాత పరీక్ష. "కాగితం ఏం చేసుకోను?" అంటారు. కువైట్, సౌదీ వెళ్లేవారిని అడగండి. పని ఒకటే అయినా కాగితం లేనివాడు హెల్పరు, కాగితం ఉన్నవాడు ప్లంబరు. జీతంలో తేడా ఎంతో వాళ్లే చెబుతారు.

పదో తరగతి పాసైన పిల్లలకు ఐ.టి.ఐ.లో ప్లంబరు ట్రేడు ఉన్నది, ఏడాది కోర్సు. ఉర్దూ మీడియం పిల్లలకు ఒక మంచి మాట. 1998లో హైదరాబాదులో ఏర్పడిన మౌలానా ఆజాద్ నేషనల్ ఉర్దూ యూనివర్సిటీకి సొంత ఐ.టి.ఐ. ఉన్నది, అందులో ప్లంబింగు కూడా నేర్పుతున్నారు, ఉర్దూలోనే. ఆ యూనివర్సిటీదే పాలిటెక్నిక్ ఒకటి మన కడపలోనే ఉన్నది, అక్కడ సివిల్ డిప్లొమా చేయవచ్చు. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో వార్డు సచివాలయాలకు మనుషులను తీసుకొన్నపుడు, నీళ్లు, రోడ్లు, మురుగు కాలువలు చూసే ఎమినిటీస్ సెక్రటరీ ఉద్యోగానికి అడిగినది ఈ సివిల్ డిప్లొమానే. ఉర్దూ చదువుకు దారి లేదని బడి మాన్పించే తండ్రులు ఈ వాక్యం రెండుసార్లు చదువుకోవాలని మనవి.

అయితే ఒక షరతు. ఊళ్లో ప్లాను కాగితాలు, పంచాయతీ నోటీసులు, జనం ఫిర్యాదులు అన్నీ తెలుగులోనే ఉంటాయి. ఉర్దూ మాస్టారై ఉండి తెలుగు నేర్చుకోమంటారా అని అడిగితే, అవును, అంటున్నాము. ఉర్దూ వదలమనుట లేదు. తెలుగు చదవడం, రాయడం రాని పిల్లవాడు నీళ్ల ప్రాజెక్టులో సూపర్‌వైజరు కాలేడు.

ఆరోగ్యశాఖ వైపు పోదలచినవారికి శానిటరీ ఇన్‌స్పెక్టరు కోర్సు ఉన్నది. ఐ.టి.ఐ.లో ఇది కూడా ఏడాదే. 1926లో బొంబాయిలో మొదలైన అఖిల భారత స్థానిక స్వపరిపాలన సంస్థ కూడా ఈ డిప్లొమా ఇస్తుంది. ఇంట్లోనే ఉండి చదవాలనుకునేవారికి ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయములో వాననీటి నిల్వపై ఆరు నెలల సర్టిఫికెట్ కోర్సున్నది, పదో తరగతి చాలు. డిగ్రీలు చదివి ప్రాజెక్టులలో పై స్థాయికి పోదలచినవారికి కలకత్తాలో 1932 నుండి నడుస్తున్న ఆలిండియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హైజీన్ అండ్ పబ్లిక్ హెల్త్ ఉన్నది. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థలో గ్రామాల పనివారికి, అధికారులకు శిక్షణలు జరుగుతుంటాయి. అక్కడి రూరల్ టెక్నాలజీ పార్కును మన హైస్కూలు పిల్లలకు ఒకసారి చూపించాలని మా కోరిక.

ఇక అక్కచెల్లెళ్లకు. 2019 ఆగస్టు 15న ప్రకటించిన జల్ జీవన్ మిషన్‌లో ప్రతి గ్రామంలో ఐదుగురు ఆడవారికి నీటి పరీక్ష నేర్పాలని నియమము పెట్టినారు. చిన్న పెట్టె ఇస్తారు. అందులోని మందు చుక్కలు వేస్తే నీటి రంగు మారుతుంది. ఆ రంగును కార్డుతో పోల్చి ఫ్లోరైడు, నైట్రేటు, క్లోరిన్ ఎంతో చెప్పవచ్చు. మలినం కలిసినదా లేదా అని చూచుటకు ఒక సీసా ఉన్నది. నీళ్లు పోసి మూత పెట్టి ఒకటి రెండు రోజులు ఉంచితే, చెడ్డ నీరైతే నల్లబడుతుంది. ఈ పరీక్షను 1982లో గ్వాలియరు రక్షణ పరిశోధన సంస్థవారు కనిపెట్టినారు. ఇది వంటింటి గట్టు మీద పెట్టి చేసే పని, పరదాకు అడ్డు రాదు. మన ప్రాంతంలో ఫ్లోరైడు బాధ ఉన్న ఊళ్లు అందరికీ తెలిసినవే. ఫ్లోరైడు కాచినందువల్ల పోదు, నీరు తగ్గి ఇంకా చిక్కబడుతుంది. ఈ ఒక్క ముక్క తెలియక, పిల్లలకు కాచిన బోరు నీళ్లే మంచివని తాగించే తల్లులు ఉన్నారు.

చివరగా సహాయ కార్యక్రమాల మాట. 2009 అక్టోబరులో కర్నూలు మునిగినపుడు చుట్టుపక్కల ఊళ్ల నుండి ఎన్నో సంఘాలు బిర్యానీ పొట్లాలు, దుప్పట్లు తీసుకొని పరుగెత్తినవి. అల్లాహ్ వారికి ప్రతిఫలమిచ్చుగాక. కాని వరద తీసిన తరువాత బురదతో నిండిన సంపును ఎలా కడగాలి, ఎంత మందు వేయాలి, శిబిరములో ఎంతమందికి ఒక మరుగుదొడ్డి కావాలి అనేవి నేర్చిన వాలంటీర్లు ఎందరుంటారు? ప్రపంచమంతా సహాయ సంస్థలు పాటించే స్ఫియర్ ప్రమాణాలలో మనిషికి రోజుకు కనీసం 15 లీటర్ల నీరు, ఇరవై మందికి ఒక మరుగుదొడ్డి అని ఉన్నది. వెయ్యి మంది ఉన్న శిబిరానికి లెక్క మీరే వేయండి. మన యువజన విభాగం వారు అన్నదానం కమిటీతో పాటు నీళ్ల కమిటీ ఒకటి పెట్టి, పదిమందికైనా ఈ లెక్కలు నేర్పిస్తే సంఘం ఖర్చు ఒక పూట దావతు ఖర్చును మించదు.

సంఘ కార్యాలయములో ప్రతి ఆదివారము అసర్ నమాజు తరువాత మగ్రిబ్ దాకా మేము, మా తోటి ఉపాధ్యాయులు ఇద్దరు కూర్చుంటాము. ఐ.టి.ఐ., పాలిటెక్నిక్ దరఖాస్తులు నింపి పెడతాము. పిల్లలు పదో తరగతి మార్కుల మెమో, టి.సి., ఆదాయ ధ్రువపత్రము, ఆధారు నకళ్లు, రెండు ఫోటోలు తీసుకొని రావాలి. పని వచ్చిన పెద్దలు ఏమీ తేనక్కరలేదు, రెంచి పట్టిన చేతులతోనే రండి. ఆడపిల్లల కోసం శనివారం మధ్యాహ్నం విడిగా ఏర్పాటు ఉన్నది, తల్లులు వెంట రావచ్చును.