డబ్బు రావడానికి పిన్ను అక్కరలేదు

(మస్జిదు కమిటీ ఏర్పాటు చేసిన అవగాహన సభలో చేసిన ప్రసంగ పాఠం)



పాత వస్తువులను ఫోనులో ప్రకటన పెట్టి అమ్ముకోవడం నేడు మన ఇళ్లలో సాధారణమైపోయింది. గల్ఫుకు వెళ్లే యువకుడు బైకు అమ్ముతాడు. అద్దె ఇల్లు మారేవారు బీరువా, ఫ్రిజ్ అమ్ముతారు. పిల్ల పెళ్లి ఖర్చుల కోసం తల్లి కుట్టుమిషను అమ్ముతుంది. ఈ అమ్మకాలన్నిటి వెనుక ఏదో ఒక అవసరం తరుముతూ ఉంటుంది. మోసగాడు వెదకేది ఆ తొందరనే.

మా పేటలోని ఒక సోదరి విషయంలో జరిగినది చెబుతాను. ఆమె కుట్టుమిషనుకు ఆరు వేలు ధర పెట్టారు. పది నిమిషాలకే హిందీలో ఫోను వచ్చింది. తాను సైన్యంలో పనిచేస్తున్నానని, బదిలీపై వచ్చానని, మిషను తీసుకువెళ్లడానికి మనిషిని పంపుతానని అతడు చెప్పాడు. గుర్తింపు కార్డు ఫొటో కూడా పంపాడు. బేరమాడలేదు. వస్తువును చూస్తాననలేదు. పాత మిషను కొనేవాడు చక్రం తిప్పి చూడకుండా, వంద రూపాయలైనా తగ్గించమనకుండా కొనడం మన బజారులో ఎవరైనా చూశారా? అనుమానించవలసింది అక్కడే. అతడు మొదట ఐదు రూపాయలు నిజంగానే పంపి నమ్మకం కలిగించాడు. తరువాత క్యూఆర్ కోడ్ పంపి, దానిని స్కాన్ చేసి పిన్ను కొడితే ఆరు వేలు ఖాతాలో పడతాయన్నాడు. ఆమె కొట్టారు. ఆరు వేలు పోయాయి. ఏదో పొరపాటు జరిగిందని, మరొకసారి చేస్తే మొత్తం తిరిగి వస్తుందని మళ్లీ చేయించాడు. మిషను ఇంట్లోనే ఉన్నది. ఖాతాలో పన్నెండు వేలు లేవు.

యూపీఐ 2016లో వచ్చింది. అందులో పిన్ను అనేది చెక్కు మీద మనం పెట్టే సంతకం వంటిది. డబ్బు చెల్లించడానికి అది కావాలి, నిల్వ చూసుకోవడానికీ అడుగుతుంది. డబ్బు అందుకోవడానికి ఎన్నడూ అడగదు. క్యూఆర్ కోడ్‌లో ఉండేది డబ్బు అందుకునేవాని చిరునామా. కాబట్టి స్కాన్ చేసేవాడు ఇచ్చేవాడే అవుతాడు. వెనుక 'కలెక్ట్ రిక్వెస్ట్' పంపి కూడా ఇలాగే దోచేవారు. వ్యక్తుల మధ్య ఆ సదుపాయాన్ని 2025 అక్టోబరు నుండి నిలిపివేశారు. క్యూఆర్ దారి మాత్రం తెరిచే ఉన్నది.

మరొక తంతు ఉన్నది. రెండు వేలకు బదులు పొరపాటున ఇరవై వేలు పంపానని, మిగిలిన పద్దెనిమిది వేలు వెంటనే తిప్పి పంపమని ఏడుపు గొంతుతో ఫోను వస్తుంది. బ్యాంకు పంపినట్లే ఒక ఎస్ఎంఎస్ కూడా వస్తుంది. దానిని ఎవరైనా తయారు చేయగలరు. మీ బ్యాంకు యాప్‌లో నిల్వ చూసిన తరువాతే మాట్లాడండి. తెలియనివారి డబ్బు నిజంగానే పడి ఉంటే మీరుగా తిప్పి పంపకండి. బ్యాంకుకు రాతపూర్వకంగా తెలపండి. అది మరొక బాధితుని సొమ్ము కావచ్చు. అప్పుడు స్తంభించేది మీ ఖాతా.

ఈ సందర్భంలోనే యువకులకు ఒక మాట. కమీషను ఇస్తామంటే బ్యాంకు ఖాతాను, సిమ్మును ఎవరికీ అప్పగించవద్దు. దోచిన సొమ్ము అటువంటి ఖాతాల మీదుగానే దాటుతుంది. పోలీసులు మొదట పట్టుకునేది అసలు దొంగను కాదు, ఖాతా ఎవరి పేరున ఉంటే వారిని.

ఆ సోదరి నాలుగు రోజులు భర్తకు కూడా చెప్పలేదు. ఆమె తెలివితక్కువదని నేను అనుకోను. చదువుకున్న ఉద్యోగులూ ఇలాగే పోగొట్టుకున్నారు. నాకు బాధ కలిగించినది ఆ నాలుగు రోజుల మౌనం. 1930 నంబరుకు వెంటనే ఫోను చేస్తే సమాచారం బ్యాంకులకు చేరుతుంది, ఇంకా దాటిపోని సొమ్మును నిలిపివేసే అవకాశం ఉంటుంది. 2017 జులైలో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశాల ప్రకారం, ఖాతాదారుని అజాగ్రత్త వల్ల పోయిన సొమ్ము భారం బ్యాంకుకు తెలిపేవరకే ఖాతాదారునిది. తెలిపిన తరువాత కూడా పోతే ఆ నష్టం బ్యాంకుది. అందువల్ల బ్యాంకుకు ఏ గంటలో తెలిపారన్నది నమోదు కావాలి.

ఠాణాకు వెళితే మనల్నే అనుమానంగా చూస్తారన్న భయం మనవారిలో ఉన్నది. ఆ భయం ఊరికే పుట్టలేదు. అయినా ఫిర్యాదు చేయడం ఎవరి దయాభిక్షా కాదు. 2024 జులై 1 నుండి అమలులో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షను ప్రకారం, నేరం ఎక్కడ జరిగినా ఏ ఠాణాలోనైనా సమాచారం ఇవ్వవచ్చు. ఎఫ్ఐఆర్ ప్రతిని ఉచితంగా ఇవ్వాలి. నమోదుకు నిరాకరిస్తే ఎస్పీకి రాతపూర్వకంగా పంపవచ్చు, ఆపైన మేజిస్ట్రేటును ఆశ్రయించవచ్చు. మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం 1987 నాటి చట్టం ఇచ్చిన హక్కు.

దివ్య ఖుర్ఆన్‌లో అన్నిటికన్నా పెద్ద ఆయతు బఖరా సూరాలోని 282వది. అది లావాదేవీలను రాసి ఉంచుకోవడం గురించి, సాక్షులను పెట్టుకోవడం గురించి. వస్తువు అమ్మేటప్పుడు ఆ పద్ధతినే పాటించండి. కొనేవారిని పగటిపూట రమ్మనండి, ఇంట్లో మరొకరిని పక్కన ఉంచుకోండి, డబ్బు పడినట్లు మీ ఫోనులో చూసుకున్నాకే వస్తువును కదలనివ్వండి. వారి ఫోనులోని టిక్కు గుర్తు లెక్కలోనికి రాదు.

ఎవరికైనా ఇప్పటికే నష్టం జరిగి ఉంటే ప్రకటనను, సంభాషణను చెరిపివేయకండి. లావాదేవీ సంఖ్య పన్నెండు అంకెలు ఉంటుంది. దానిని కాగితం మీద రాసుకోండి. బ్యాంకు పాసుబుక్కు, ఆధార్ ప్రతి, స్క్రీన్‌షాట్లు తీసుకుని ఆదివారం అస్ర్ నమాజు తరువాత మస్జిదు గ్రంథాలయానికి రండి. అర్జీ నేను రాసి పెడతాను, అవసరమైతే ఠాణాకు తోడు వస్తాను. సోదరీమణుల కోసం లోపలి గదిలో ఒక ఉపాధ్యాయురాలు కూర్చుంటారు. 1930కి మాత్రం ఆదివారం వరకు ఆగకుండా వెంటనే ఫోను చేయండి.