ఆయనే రాజీనామా చేశాడా, చేయించారా?

(ఢిల్లీలో తెలుగు విద్యార్థుల అధ్యయన సమావేశంలో చేసిన ప్రసంగం పాఠం)



2022 అక్టోబర్‌లో ఒక రాత్రి మా నాన్న ఊరి నుంచి ఫోన్ చేశాడు. ఢిల్లీ మంత్రి రాజేంద్ర పాల్ గౌతమ్ గురించి టీవీలో చూశాడట. "ఏరా, ఆయనే రాజీనామా చేశాడా, చేయించారా?" అని అడిగాడు. "ఏదైతే ఏంటి నాన్నా, పదవి పోయిందిగా" అని దాటేశాను. రెండూ ఒకటి కాదని తర్వాత తెలిసొచ్చింది. ఆ ప్రశ్నకు ఇవాళ మీ ముందు జవాబు వెతుక్కుంటాను.

గౌతమ్ వృత్తిరీత్యా న్యాయవాది. ఈశాన్య ఢిల్లీలోని సీమాపురి ఎస్సీ రిజర్వుడు స్థానం నుంచి 2015లో ఆమ్ ఆద్మీ పార్టీ తరఫున గెలిచారు. 2017 మేలో కేజ్రీవాల్ మంత్రివర్గంలో చేరారు. 2020లో 56 వేలకు పైగా ఆధిక్యంతో మళ్లీ గెలిచారు. సాంఘిక సంక్షేమం, ఎస్సీ ఎస్టీ సంక్షేమం ఆయన చూసిన శాఖలు. ఎస్సీ విద్యార్థులకు ప్రైవేటు కోచింగ్ సెంటర్లలో ఉచిత శిక్షణ ఇచ్చే పథకం ఆయన హయాంలోనే మొదలైంది. దాని పేరు 'జై భీమ్ ముఖ్యమంత్రి ప్రతిభా వికాస్ యోజన'. ముఖర్జీ నగర్‌లో ఫీజు ఎంతో కనుక్కుని వెనక్కి తిరిగొచ్చిన వాళ్లు ఈ గదిలోనే ఉన్నారు. అలాంటి పథకం విలువ వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

2022 జనవరిలో ఢిల్లీ ప్రభుత్వ కార్యాలయాల్లో అంబేడ్కర్, భగత్‌సింగ్ చిత్రపటాలు మాత్రమే పెడతామని కేజ్రీవాల్ ప్రకటించారు. మనలో చాలామందిమి సంతోషించాం. అదే ఏడాది అక్టోబర్ 5న, విజయదశమి నాడు, ఢిల్లీ అంబేడ్కర్ భవన్‌లో వేలాది మంది బౌద్ధ దీక్ష తీసుకున్నారు. 1956 అక్టోబర్‌లో నాగపూర్‌లో బాబాసాహెబ్ ఇచ్చిన 22 ప్రతిజ్ఞలు చదివారు. మంత్రి కూడా వేదిక మీదే ఉన్నారు. హిందూ దేవుళ్లను పూజించనన్న మాట ఆ ప్రతిజ్ఞల్లో ఉంది. ప్రభుత్వాలే అచ్చువేసిన బాబాసాహెబ్ రచనల సంపుటాల్లో ఎవరైనా చదువుకోవచ్చు.

వీడియో బయటికొచ్చింది. మంత్రిని తొలగించాలని బీజేపీ పట్టుబట్టింది. గుజరాత్ ఎన్నికలు దగ్గరపడుతున్నాయి. అక్కడ కేజ్రీవాల్‌ను హిందూ వ్యతిరేకిగా చూపే పోస్టర్లు వెలిశాయి. అందరి విశ్వాసాలనూ గౌరవిస్తానని, ఎవరి మనసైనా నొచ్చుకుంటే మన్నించమని గౌతమ్ అన్నారు. అయినా సరిపోలేదు. అక్టోబర్ 9న రాజీనామా చేశారు. ఆ రోజు వాల్మీకి జయంతి, కాన్షీరాం వర్ధంతి. అదే నెల 26న కరెన్సీ నోట్ల మీద లక్ష్మీ గణపతి బొమ్మలు వేయాలని కేజ్రీవాల్ కోరారు. గోడ మీద పటంగా, పథకం మీద పేరుగా ఉన్నంతకాలం బాబాసాహెబ్‌తో ఎవరికీ ఇబ్బంది రాలేదు. ఆయన చెప్పింది ఒక మంత్రి నోట వినపడగానే వచ్చింది.

ఇక చట్టం సంగతి చూద్దాం. రాజ్యాంగం 25వ అధికరణ అంతరాత్మ స్వేచ్ఛ ఇచ్చింది. అది పౌరుడి హక్కు. మంత్రి పదవి మాత్రం హక్కు కాదు. 239ఏఏ ప్రకారం ఢిల్లీ మంత్రులను ముఖ్యమంత్రి సలహా మీద రాష్ట్రపతి నియమిస్తారు, రాష్ట్రపతి ఇష్టం ఉన్నంతకాలమే వాళ్లు కొనసాగుతారు. కాబట్టి మతం మారే హక్కుని ఏ కోర్టూ కాదననక్కర్లేదు. పార్టీ ముఖం తిప్పుకుంటే చాలు, పదవి పోతుంది. 1932 పూనా ఒప్పందం ప్రత్యేక నియోజకవర్గాలు తీసేసి రిజర్వుడు సీట్లు ఇచ్చింది. మన ప్రతినిధి గెలవాలంటే అందరి ఓటూ కావాలి, పార్టీ టికెట్టూ కావాలి. అంతరాత్మ అక్కడ చిక్కుకుంటుంది.

ఇది మంత్రుల గొడవే అనుకోకండి. మా నాయనమ్మ ప్రతి ఆదివారం చర్చికి వెళ్లేది. మా ఇంట్లో క్యాస్ట్ సర్టిఫికెట్ల మీద మాత్రం 'హిందూ' అనే ఉంటుంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు హిందువులకే ఎస్సీ హోదా ఇచ్చింది. సిక్కులను 1956లో, బౌద్ధులను 1990లో చేర్చారు. క్రైస్తవ, ముస్లిం దళితులు ఇప్పటికీ బయటే ఉన్నారు. వాళ్ల సంగతి పరిశీలించడానికి జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ కమిషన్‌ను కేంద్రం నియమించింది 2022 అక్టోబర్ 6న, అంటే అంబేడ్కర్ భవన్ సభ మర్నాడే. నా సీటు, నా ఫెలోషిప్ ఆ కాగితం మీద నిలబడ్డవి. నేను దేన్ని నమ్ముతానో మీ ముందు చెప్పడానికి కూడా ఒక్క క్షణం ఆగి ఆలోచిస్తాను. ఆ క్షణం పెద్దదై మంత్రి దాకా వెళ్తే ఏమవుతుందో గౌతమ్ విషయంలో చూశాం.

ఆయన్ని వీరుణ్ణి చేయాలని నా ఉద్దేశం కాదు. మన్నించమన్నారు, అది మర్చిపోవద్దు. 2024 సెప్టెంబర్‌లో కాంగ్రెస్‌లో చేరారు. 1951లో బాబాసాహెబ్ న్యాయశాఖ మంత్రిగా రాజీనామా చేసింది కాంగ్రెస్ ప్రభుత్వం నుంచే. హిందూ కోడ్ బిల్లును నీరుగార్చడమే కాదు, తనకు పాలనా శాఖలేవీ ఇవ్వలేదని, షెడ్యూల్డ్ కులాలను పట్టించుకోలేదని కూడా ఆయన ఆనాడు చెప్పారు. గౌతమ్ స్థానంలో వచ్చిన రాజ్ కుమార్ ఆనంద్ కూడా 2024 ఏప్రిల్‌లో పార్టీలో దళితులకు ప్రాతినిధ్యం లేదంటూ తప్పుకున్నారు. ఆయన తర్వాత బీజేపీలో తేలారు. మనిషి మారాడు, పార్టీ మారింది. కుర్చీ స్వభావం మాత్రం అదే.

అందుకే మన పరిశోధనలో రిజర్వుడు సీట్లు ఎన్ని, మంత్రులు ఎందరు అన్న లెక్కతో ఆగకూడదు. ఏ శాఖ ఇచ్చారు, నిధుల మీద చేయి ఎవరిది, నోరు తెరిచిన రోజు పక్కన ఎవరు నిలబడ్డారు అన్నది కూడా రాయాలి. చివరి ప్రశ్న మనకీ వర్తిస్తుంది. ఆ నాలుగు రోజులూ మనం వాట్సాప్ స్టేటస్‌లు పెట్టి ఊరుకున్నాం.

మా నాన్నకి ఇప్పుడు ఇలా చెబుతాను: "రాజీనామా చేయించారు నాన్నా. కానీ ఆ 22 ప్రతిజ్ఞలు తప్పని మాత్రం ఆయన చేత అనిపించలేకపోయారు."

జై భీమ్.