గబ్బిలములను సాగనంపుట

పాత పెంకుటిండ్ల దూలముల సందులలో గబ్బిలములు కాపురముండుట మనమెరిగినదే. వాని రెట్టల కంపు భరింపరానిది. అయినను పొగ పెట్టుట, విషము చల్లుట, కర్రతో కొట్టుట తగని పనులు. ఇండ్లలో చేరు చిన్న గబ్బిలములు పురుగులను తిని మనకు మేలే చేయును.

వానిని సాగనంపుటెట్లు? మునిమాపువేళ బయట నిలిచి, అవి ఏ సందునుండి వెలువడుచున్నవో కనిపెట్టవలెను. వ్రేలు పట్టు సందైనను వానికి చాలును. ఆ సందు విడిచి తక్కినవన్నియు సున్నముతో పూడ్చవలెను. విడిచిన సందుపై సన్నని కన్నుల వలను పైనను, ప్రక్కలను బిగించి, క్రిందివైపు వదులుగా వ్రేలాడనీయవలెను. వల వెంట క్రిందికి ప్రాకి ఎగిరిపోయిన గబ్బిలము మరల లోనికి రాజాలదు. వారము దినములు చూచి, ఒక్కటియు వెలువడనప్పుడు వల తీసి ఆ సందును పూడ్చవలెను.

శ్రోతలకు మేము చేయు ముఖ్యమైన మనవి యొకటి. ఎగురలేని పిల్లలున్న కాలమున ఈ పని తలపెట్టరాదు. తల్లి వెలుపల నిలిచిపోగా, పిల్ల లోపల ఆకలితో మాడి చనిపోవును. కొన్ని వారములు ఓర్చుకొన్నచో పిల్లకు రెక్కలు వచ్చును. నేలబడిన గబ్బిలమును వట్టి చేతితో ముట్టరాదు. కరచినచో గాయమును సబ్బునీటితో 15 నిమిషములు కడిగి, వెంటనే వైద్యునికి చూపవలెను.

ఇల్లు మనదే. ఆ కొద్దిపాటి గడువిచ్చి పంపుట గృహస్థులకు భారము కాదు.