విశ్వవిద్యాలయము - వరిచేను
(గ్రంథాలయ రజతోత్సవ సభలోని ఉపన్యాస పాఠము)



2015వ సంవత్సరము సెప్టెంబరు 25వ తేదీన ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ 17 లక్ష్యములను ఆమోదించినది. ఆకలి లేని లోకము, అందరికి మంచి చదువు, శుభ్రమైన నీరు, అసమానతలు తగ్గిన సంఘము మున్నగునవి అందు చేరియున్నవి. 2030 నాటికి వీనిని సాధింపవలెనని 193 సభ్యదేశములు సమ్మతించినవి. వీనికి సుస్థిరాభివృద్ధి లక్ష్యములని పేరు. నేటి అవసరములు తీర్చుకొనుచు, రేపటి బిడ్డల నోటికూడు తీయకుండుటయే సుస్థిరాభివృద్ధి.

అయితే సంకల్పము వేరు, సాధన వేరు. లక్ష్యములను కాగితముపై వ్రాసిన మాత్రమున ఒక్క గింజయు మొలవదు. పరిశోధనకు ప్రయోగశాలలును, బోధనకు గురువులును, ఊరూర తిరుగుటకు యువకులును ఒక్కచోట గల సంస్థ విశ్వవిద్యాలయము. కావున ఈ కార్యభారములో పెద్దపాలు దానిదే. ఆ భారమును వహించు విధమెట్టిదో ఒక వరివంగడపు చరిత్ర తెలుపగలదు.

పశ్చిమగోదావరి జిల్లా మార్టేరు పరిశోధన స్థానమునుండి 1982లో 'స్వర్ణ' అను వంగడము వెలువడినది. తెలుగు రైతులకే గాక ఒడిశా, బెంగాలు రైతులకును అది ప్రీతిపాత్రమైనది. కాని వరదనీటిలో దినముల తరబడి మునిగినచో అది నశించును. ఒడిశా రైతులు తరతరములుగా కాపాడుకొనిన ఒక నాటువరికి మాత్రము మునకను తట్టుకొను శక్తి కలదు. సామాన్యమైన వరి నీటిపైకి రావలెనని ఆత్రముగా సాగి తన బలమును కోల్పోవును. ఆ నాటువరి ఎదుగుదలను ఆపుకొని, బలమును దాచుకొని, నీరు తీసిన పిమ్మట చిగుర్చును. ఆ గుణమునకు మూలమైన జన్యువును అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులును, ఫిలిప్పీన్సులోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థవారును కలిసి గుర్తించి, 2006లో ప్రకటించిరి. పలుమార్లు సంకరము చేసి ఆ గుణమును స్వర్ణలోనికి తెచ్చిరి. అట్లు పుట్టిన 'స్వర్ణ సబ్-1' 2009లో భారతదేశమున విడుదలయ్యెను. సుమారు రెండు వారములు మునిగినను అది బ్రతుకగలదు.

తరువాతి కథ మరింత గమనింపదగినది. కొందరు విశ్వవిద్యాలయ ఆర్థికశాస్త్రజ్ఞులు ఒడిశాలోని 128 గ్రామములలో ఆ విత్తనపు ఫలితమును పరిశీలించి 2013లో వెల్లడించిరి. ముంపునకు లోనగు పల్లపు భూములు షెడ్యూల్డు కులముల రైతుల చేతిలో హెచ్చుగా నుండుటచే, ఈ విత్తనమువలన వారికి అధిక ప్రయోజనము కలుగునని తేలినది. ఒక్క విత్తనము ఆకలిని, అసమానతను గూడ ఎదుర్కొనగలదన్నమాట! ఈ చరిత్రలో మొదటి గురువు పేరు తెలియని రైతు. విశ్వవిద్యాలయము ఆయన విద్యను గ్రహించి, పెంపొందించి, తిరిగి ఆయన చేనికే చేర్చినది.

విద్యాసంస్థలు గ్రామములను ఎన్నుకొని వాని సమస్యలకు పరిష్కారములు వెదకవలెనని 2014లో కేంద్ర ప్రభుత్వము 'ఉన్నత్ భారత్ అభియాన్' ప్రారంభించినది. ఉద్దేశము శ్లాఘనీయము. కాని విద్యార్థులు ఒకనాడు వచ్చి, ప్రశ్నాపత్రములు నింపుకొని, ఛాయాచిత్రములు తీయించుకొని వెడలిపోయినచో గ్రామమునకు ఒరుగునదేమి? ఆ కాగితములు కళాశాల బీరువాలో చెదలపాలగును. ప్రశ్న ఊరినుండి పుట్టవలెను. సమాధానము ఊరికి తిరిగి రావలెను.

ఇందు గ్రామ గ్రంథాలయము చేయదగిన పని కలదు. బావులలో నీటిమట్టము, చవుడుబారిన పొలములు, పైరును పట్టు తెగుళ్లు, బడి మానిన పిల్లల సంఖ్య - వీనిని ఏటేట ఒక పుస్తకమున వ్రాసి యుంచవచ్చును. పరిశోధనకై వచ్చినవారి ముందు దానిని పెట్టి, "మా ప్రశ్నలివి, మీరు కనుగొనిన దానిని తెలుగులో వ్రాసి ఒక ప్రతిని ఇచ్చటికి పంపుడు" అని పాఠకులు నిస్సంకోచముగా అడుగవచ్చును. అది యాచన కాదు, హక్కు.

ఇరువదియైదేండ్లుగా ఊరికి పుస్తకములందించిన గ్రంథాలయము ఇకపై ఊరి అనుభవమును గూడ పుస్తకముగా కూర్చి విశ్వవిద్యాలయమునకు అందించుగాక!