ఒంటికి తుప్పు పట్టకుండ: మాత్రల కన్న పెరడు మేలు



వానలో వదిలిన నాగలి కర్రుకు తుప్పు పట్టును. తెరచి ఉంచిన నూనె కొంతకాలమునకు కనరు వాసన వేయును. ఈ రెంటికి గాలిలోని ప్రాణవాయువే కారణము. మన శరీరములోను ఇట్టి మార్పు నిత్యము జరుగుచుండును. దానిని అదుపులో ఉంచు పదార్థములకు యాంటీ ఆక్సిడెంట్లని పేరు. కరీంనగర్, జగిత్యాల ప్రాంతములలో మనము పండించు నువ్వులలో ఇవి ఉండుట వల్లనే నువ్వుల నూనె త్వరగా చెడదు.

వీటిలో కొన్నింటిని శరీరమే తయారుచేసుకొనును. అందు గ్లూటాథయోన్ ముఖ్యమైనది. దీని తయారీకి మాంసకృత్తులు కావలెను. ఇట్లే రక్షణ నిచ్చు ఎంజైములకు జింకు, రాగి, మాంగనీసు, సెలీనియం కావలెను. జొన్నరొట్టె, పప్పు, నువ్వుల పొడి కలిపి తినుడు. పప్పులో తక్కువగా నుండు గంధకపు అమినో ఆమ్లములను నువ్వులు పూరించును. గుడ్డు, చేప దొరికిన మరీ మేలు.

తక్కినవి తిండి నుండి రావలెను. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020 సిఫారసుల ప్రకారము రోజుకు పురుషునికి 80, స్త్రీకి 65 మిల్లీగ్రాముల సి విటమిను అవసరము. 100 గ్రాముల జామపండులో సుమారు 200 మిల్లీగ్రాములు కలదు. మునగాకు, పుంటికూర, తోటకూర, గంగవాయిలి కూర కూడ మంచివి.

కొన్ని జాగ్రత్తలు:

1. ఆకుకూరలను కడిగిన పిదప తరుగవలెను. మూత పెట్టి కొద్ది నీటిలో ఉడికించవలెను. ఆ నీటిని పారబోయరాదు.

2. మందు కొట్టిన పత్తి చేనిలోని గంగవాయిలి కూరను ఇంటికి తేరాదు.

3. కూరలో వేయు పసుపు మంచిదే. కాని పసుపు సారము మాత్రలు వాడిన కొందరికి కాలేయము దెబ్బతినినట్లు వైద్యులు గుర్తించిరి.

మాత్రలు మింగిన చాలదా యని కొందరు అడుగుదురు. ఫిన్లండు దేశములో పొగ త్రాగు 29,133 మంది పురుషులపై జరిపిన పరీక్ష ఫలితములు 1994లో వెలువడినవి. క్యారెట్‌లో నుండు బీటా కెరోటిన్‌ను మాత్రలుగా మింగినవారిలో ఊపిరితిత్తుల క్యాన్సరు తగ్గలేదు సరికదా, 18 శాతము హెచ్చినది. అమెరికాలో ఇట్టి మరొక పరీక్షను 1996లో మధ్యలోనే ఆపివేసిరి. బీడీ కాల్చు సోదరులు ఈ సంగతి మరువరాదు. బీడీ మానుటకు బదులుగా పనిచేయు మాత్ర ఏదియు లేదు.

అయితే గర్భిణులకు ఇచ్చు ఇనుము, ఫోలిక్ ఆమ్లము మాత్రలు, పిల్లలకు పోయు ఎ విటమిను మందు వేరు. అవి లోపమును తీర్చుటకు ఇచ్చునవి. వాటిని మానరాదు.

కాబట్టి బలము మాత్రల సీసాకు పెట్టు డబ్బుతో ఈ తొలకరికి ఒక జామ అంటు, ఒక మునగ కొమ్మ తెచ్చి బావి గట్టున నాటుడు. స్నానపు నీరు వాటికి పారునట్లు చిన్న కాలువ తీయుడు. ఇంటిల్లిపాదికి ఏండ్ల తరబడి అక్కరకు వచ్చును.