గొణుగుడుకు ఇన్‌వర్డు నంబరు లేదు

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

నన్ను పది నిమిషాలు మాట్లాడమన్నారు. గుమాస్తాకు మాట కంటే కాగితం అలవాటు. తప్పులుంటే మన్నించండి.

నేను ఉద్యోగంలో చేరేనాటికి గుమ్మలక్ష్మీపురం శ్రీకాకుళం జిల్లాలో ఉండేది. 1979లో విజయనగరం జిల్లాలోకి వచ్చింది. 2022 ఏప్రిల్ 4 నుంచి పార్వతీపురం మన్యం జిల్లా. ఊరు కదలలేదు గాని మూడు రబ్బరు ముద్రలు చూసింది. ముద్రలు మారినా, ఆఫీసులో గొణుగుడు మాత్రం మారలేదు. వేసవిలో ఫ్యాను తిప్పితే కాగితాలు ఎగిరిపోతున్నాయని ఒకరు, ఆపితే చెమటలు పడుతున్నాయని ఇంకొకరు. డిసెంబరు వచ్చిందంటే చలి.

మా సెక్షను కిటికీకి రెండు అద్దాలు పగిలి ఉండేవి. కొండగాలి తిన్నగా నా వీపుకే తగిలేది. అట్ట ముక్కలు అడ్డుపెట్టాం. అటెండరు కుంపటి తెచ్చి పెడితే, గంటలో అందరికీ తలనొప్పి. మూసిన గదిలో బొగ్గుల కుంపటి ప్రాణం తీస్తుందని తరువాత తెలిసింది. ఇంట్లో ఇప్పటికీ ఎవరైనా పెట్టుకుంటుంటే దయచేసి మానండి. ఇలా నాలుగు చలికాలాలు ప్రభుత్వాన్ని తిట్టుకుంటూ గడిపాం. అయిదో ఏడు కొత్తగా చేరిన కుర్రవాడు ఒకడు అర ఠావు మీద నోటు రాసి ఆఫీసరుగారి ముందు పెట్టాడు. పదిహేను రోజులలో పార్వతీపురం నుంచి అద్దాలు వచ్చాయి. నాలుగేళ్లు గొణిగిన మాకు సిగ్గేసింది. గొణుగుడుకు ఇన్‌వర్డు నంబరు పడదు, అర్జీకి పడుతుంది. అంతే తేడా.

అయినా నాకు బుద్ధి రాలేదు. ఇది చెప్పడానికే ఈ రోజు నిలబడ్డాను. నా పక్క సీటులో ఇరవై ఏళ్లు పనిచేసిన మిత్రుడికి, రిటైరైన తరువాత 2015-16లో పాత బకాయిలన్నీ ఒకేసారి చేతికి వచ్చాయి. దాంతో ఆ ఏటి ఆదాయం పెరిగి, ఇరవై రెండు వేల చిల్లర పన్ను కోశారు. సాయంత్రం టీ కొట్టు దగ్గర ఆయన రోజూ ఇదే చెప్పుకునేవాడు. "అంతేనండి, మన ఖర్మ" అని నేను తల ఊపేవాణ్ణి. ఏళ్ల తరబడి ఫిబ్రవరి జీతం బిల్లుతో పాటు అందరి పన్ను లెక్కలూ వేసిన గుమాస్తాను నేను! పాత ఏళ్లకు చెందిన బకాయిని ఆయా ఏళ్లకు సర్ది లెక్కకడితే పన్ను తగ్గుతుందనీ, 1961 చట్టం 89వ సెక్షనులో ఆ వెసులుబాటు ఉందనీ, అందుకు 10ఇ ఫారం ఇచ్చి రిటర్ను వేయాలనీ నాకు తెలుసు. ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

మిత్రుడు కాలం చేశాడు. పోయినేడు ఆయన భార్య ట్రంకు పెట్టెలోని కాగితాలు సంచిలో వేసుకుని మా ఇంటికి వచ్చింది. లెక్క వేసి చూస్తే కోసిన దానిలో చాలా భాగం వెనక్కి రావలసినదే. రిటర్ను గడువు ఎప్పుడో దాటింది. ఆలస్యాన్ని మన్నించమని అర్జీ పెట్టుకునే వీలు ఒకటి ఉంది గాని, 2024 అక్టోబరు 1 తరువాత పెట్టే అర్జీలకు దాని గడువు అసెస్‌మెంటు సంవత్సరం ముగిసినప్పటి నుంచి అయిదేళ్లే. అదీ దాటిపోయింది. "అన్నయ్యగారూ, మీరు రోజూ కలిసి కూర్చునేవారు కదా" అందావిడ. అంతకుమించి ఒక్క మాట అనలేదు. నా దగ్గర జవాబు లేదు.

ఇంకొక మాట. ఏజెన్సీలో ఉన్న గిరిజన ఉద్యోగికి పన్ను లేదని ఇక్కడ కొందరు సోదరుల నమ్మకం. ఆ మినహాయింపు నాగాలాండ్, మణిపూర్, త్రిపుర, అరుణాచల్ ప్రదేశ్, మిజోరం, లడఖ్, ఆరవ షెడ్యూలు ప్రాంతాల వారికి. మనది అయిదవ షెడ్యూలు. ఇది అన్యాయమనుకుంటే అదీ అర్జీలో రాయవలసిందే. అంతవరకు మాత్రం నోటీసు వస్తే పక్కన పడేయకండి.

ఈ డిసెంబరు 17 మనకు ఎలా వచ్చింది? 1979లో కేంద్రం పెన్షను లెక్కను మెరుగుపరచి, ఆ ఏడు మార్చి 31న గీత గీసింది. అంతకుముందు రిటైరైనవారికి ఆ మేలు లేదు. 1972లో రిటైరైన డి.ఎస్. నకారాగారు అందరితో పాటు గొణిగి ఊరుకోలేదు. మరికొందరితో కలిసి సుప్రీంకోర్టుకు పిటిషను పెట్టారు. 1982 డిసెంబరు 17న న్యాయస్థానం ఆ గీతను చెరిపేసింది. పెన్షను దయతో పడేసే భిక్ష కాదు, చేసిన సేవకు దక్కిన హక్కు అని తేల్చింది. అదీ ఒక కాగితంతోనే మొదలైంది.

కాబట్టి నా మనవి ఒక్కటే. బకాయిలు వచ్చిన ఏడు, బ్యాంకు వడ్డీ మీద పన్ను కోసిన ఏడు, రిటర్ను వేయనిదే ఆ డబ్బు తనంతట తాను వెనక్కి రాదు. 2025 కొత్త ఆదాయపు పన్ను చట్టానికి అమలు తేదీ 2026 ఏప్రిల్ 1. సెక్షన్ల నంబర్లు మారాయి కనుక, తెలిసినవారిని అడిగి వేయండి. కాగితాలు ఎక్కడున్నాయో ఇంట్లో ఆడవాళ్లకూ పిల్లలకూ చెప్పి ఉంచండి. ప్రతి నెలా మన సంఘం సమావేశానికి నేను గంట ముందే వచ్చి కూర్చుంటాను. సంచితో రండి. చేతనైనంత వరకు రాసి పెడతాను. మిత్రుడికి చేయలేనిది మీకైనా చేయనివ్వండి.

చలి గురించి, పన్ను గురించి గొణుక్కోవద్దని నేననను. అది కూడా మానేస్తే టీ కొట్టు మూతపడుతుంది. గొణిగిన తరువాత ఒక అర ఠావు తీయండి.