క్యూబు చెప్పేది, స్లాబు చెప్పేది



స్లాబు వేసే రోజు ఇంటి దగ్గర హడావుడి అంతా ఇంతా కాదు. తెల్లవారకుండానే మిల్లరు దిగుతుంది. వాకిట్లో కంకర, ఇసుక గుట్టలు, ఓ పక్క సిమెంటు బస్తాలు. కొబ్బరికాయ కొట్టగానే పని మొదలవుతుంది, సాయంత్రానికల్లా ఇంటి మీద కప్పు పడుతుంది. ఇంత సందడిలోనూ పోస్తున్న కాంక్రీటుకు ఎంత బలముందో చూసేవాళ్లు మాత్రం చాలాచోట్ల ఉండరు. వంతెనలకీ ఆనకట్టలకీ చేసే పరీక్షలు మనకెందుకులే అనుకుంటారు. నిజానికి అవి ఎక్కువ అవసరమైనది సొంతిల్లు కట్టుకునేవాళ్లకే. పెద్ద పనుల్లో తప్పు పట్టుకోవడానికి ఇంజనీర్లుంటారు. ఇంటి దగ్గర యజమానే దిక్కు.

పరీక్షలు ఇసుకతోనే మొదలవుతాయి. గీతలున్న గాజు కొలపాత్రలో 50 మిల్లీలీటర్ల ఉప్పునీళ్లు పోసి, మట్టం 100 గీతకు వచ్చేదాకా ఇసుక వేయాలి. మళ్లీ ఉప్పునీళ్లతో 150 దాకా నింపి, బాగా కుదిపి, మూడు గంటలు కదపకుండా ఉంచాలి. ఇసుక అడుగున కూర్చుంటుంది, ఒండ్రు దాని మీద పొరగా తేలుతుంది. ఆ పొర ఇసుక మట్టంలో 8 శాతం దాటకూడదన్నది కేంద్ర ప్రజాపనుల శాఖ పెట్టుకున్న హద్దు. ఒండ్రు ఎక్కువైతే సిమెంటు ఇసుక రేణువుల్ని గట్టిగా పట్టుకోలేదు. ఇదంతా నది ఇసుక సంగతి. రాయిని పొడిచేసి తీసే రోబో ఇసుకలో రాతిపొడి కొంత ఎక్కువున్నా ఒప్పుకుంటారు, దానికి హద్దు వేరు.

సిమెంటును ఫ్యాక్టరీలోనే పరీక్షిస్తారు. సిమెంటును ఇసుకతో కలిపి చిన్న దిమ్మలు పోసి, నలగ్గొట్టి బలం చూస్తారు. ఏ ఇసుక పడితే ఆ ఇసుక వాడితే ఒక ఫ్యాక్టరీ లెక్క ఇంకో ఫ్యాక్టరీతో పొసగదు. అందుకే మాచర్ల సిమెంటైనా తాడిపత్రి సిమెంటైనా, చెన్నై దగ్గరి ఎన్నూరు ఇసుకతోనే కలిపి చూస్తారు. దేశమంతటికీ ప్రామాణికం ఆ ఇసుకే. కొనేవాళ్లు చేయాల్సిన పని ఒకటుంది: బస్తా మీద అచ్చువేసిన తయారీ వారం, సంవత్సరం చూసుకోవడం. నెలల తరబడి గోడౌన్లో మగ్గిన సిమెంటు గాలిలో తేమ పీల్చుకుని బలం పోగొట్టుకుంటుంది.

ఇక అసలు గండం నీళ్లతోనే. 'మాలు గట్టిగా ఉంది, పార తిరగట్లేదు, ఇంకో బకెట్టు పొయ్యి' అనే మాట వినపడని సైటు ఉండదు. సిమెంటు గట్టిపడే రసాయన చర్యకు దాని బరువులో పావు వంతు నీళ్లు సరిపోతాయి. అంతకు మించి పోసేదంతా పని సులువు కోసమే. ఆ నీళ్లు ఆరిపోయాక లోపల సన్నసన్నటి రంధ్రాలు మిగులుతాయి. సిమెంటుకు నీళ్ల నిష్పత్తి పెరిగేకొద్దీ బలం తగ్గుతుందని అమెరికాలో డఫ్ అబ్రామ్స్ అనే పరిశోధకుడు 1918లోనే తేల్చి చెప్పాడు. మన దేశపు కాంక్రీటు ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం ఇంటి పనికి వాడే ఎం-20 కాంక్రీటులో ఈ నిష్పత్తి 0.55 దాటకూడదు. అంటే 50 కిలోల బస్తాకు ఇరవై ఏడున్నర లీటర్లు. రాత్రి వానకు తడిసిన ఇసుకలో నీళ్లు కూడా ఇందులోకే వస్తాయి. ఆ సంగతి లెక్కలోకి తీసుకునే మేస్త్రీలు అరుదు.

నీళ్లు ఎక్కువయ్యాయో లేదో సైటులోనే తేల్చడానికి స్లంప్ పరీక్ష ఉంది. 30 సెంటీమీటర్ల ఎత్తు, అడుగున 20, పైన 10 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న ఇనుప గొట్టం తీసుకుంటారు. అందులో మాలును పొరలుపొరలుగా నింపి, ఒక్కో పొరను గుండ్రటి మొన ఉన్న కడ్డీతో 25 సార్లు పొడుస్తారు. తర్వాత గొట్టాన్ని నిటారుగా పైకెత్తితే కాంక్రీటు కుప్ప కొంత కుంగుతుంది. ఎంత కుంగిందో స్కేలుతో కొలుస్తారు. మామూలు స్లాబుకు 25 నుంచి 75 మిల్లీమీటర్లు, కడ్డీలు దట్టంగా ఉన్నచోట 50 నుంచి 100. కుప్ప జావగా పరుచుకుపోతే ఆ మాలును వెనక్కి పంపేయాలి. చూస్తుండగానే జవాబు దొరికే పరీక్ష ఇది. కాంక్రీటు ఇంకా గట్టిపడలేదు కాబట్టి తప్పు దిద్దుకునే వీలూ ఉంటుంది.

గట్టిపడ్డాక కాంక్రీటు బలం చూసే క్యూబు పరీక్షకు మాత్రం ఓపిక కావాలి. 15 సెంటీమీటర్ల ఇనుప అచ్చులకు లోపల నూనె రాసి, మూడు పొరలుగా కాంక్రీటు నింపి, ఒక్కో పొరకు 35 పోట్లు పొడుస్తారు. మర్నాడు అచ్చు విప్పి, తేదీ రాసి, నీళ్ల తొట్టిలో వేస్తారు. ఏడో రోజుకు సుమారు మూడింట రెండొంతుల బలం వస్తుంది. అసలు తీర్పు 28వ రోజున. తొట్టిలోంచి తీసిన క్యూబును తడిగానే యంత్రంలో పెడతారు. అయితే తాపీతో చదును చేసిన పైముఖాన్ని పక్కకు తిప్పి పెడతారు. అచ్చుకు ఆనుకుని నున్నగా వచ్చిన ముఖాల మీదే ఒత్తిడి సమానంగా పడుతుంది. ఎం-20 అంటే చదరపు మిల్లీమీటరుకు 20 న్యూటన్లు. ఆ లెక్కన ఈ చిన్న క్యూబు దాదాపు 46 టన్నుల బరువు మోయాలి. యంత్రం సూది మెల్లగా పైకి పోతుంది, ముందు పగుళ్లు, తర్వాత టప్పున శబ్దం. సరిగ్గా పగిలిన క్యూబుకు నాలుగు పక్కలూ ఒకేలా రాలి, నడుమ డమరుకంలాంటి ముక్క మిగులుతుంది. ఒక్క పక్కే విరిగితే క్యూబునైనా, యంత్రాన్నైనా అనుమానించాల్సిందే.

క్యూబు నెగ్గినంత మాత్రాన స్లాబు నెగ్గినట్టు కాదు. క్యూబు తొట్టిలో చల్లగా నాని బలం తెచ్చుకుంటే, స్లాబు మే నెల ఎండలో మాడుతుంటుంది. మామూలు సిమెంటైతే కనీసం ఏడు రోజులు, బూడిద కలిసిన పీపీసీ అయితే కనీసం పది రోజులు మడులు కట్టి నీళ్లు నిలపాలి. పైగా క్యూబుల కోసం విడిగా సిమెంటు ఎక్కువ వేసి మాలు కలిపే మోసం ఉండనే ఉంది. అందుకే స్లాబులోకి పోతున్న మాలులోంచే, యజమాని కళ్లెదుటే, నమూనా తీయాలి. చాలా ఇంజనీరింగ్ కాలేజీల లేబొరేటరీలు ఫీజు తీసుకుని బయటివాళ్ల క్యూబుల్ని కూడా పరీక్షించి పెడతాయి.

ఇల్లు పూర్తయ్యాక అనుమానం వస్తే పని కష్టమవుతుంది. రీబౌండ్ సుత్తితో కొట్టి పైపొర గట్టిదనం చూస్తారు. అల్ట్రాసోనిక్ తరంగాలు పంపి లోపలి డొల్లలు వెతుకుతారు. తరంగం సెకనుకు మూడున్నర కిలోమీటర్లకు మించి పోతే కాంక్రీటు బాగున్నట్టు, మూడు కిలోమీటర్లు కూడా పోకపోతే సందేహించాల్సినట్టు. అప్పటికీ తేలకపోతే డ్రిల్లుతో గుండ్రటి కోర్లు తీసి నలగ్గొడతారు. వాటి సగటు బలం ఉండాల్సినదాంట్లో 85 శాతానికి, ఏ ఒక్కటీ 75 శాతానికి తగ్గకూడదు.

చివరిగా మిగిలేది స్లాబు మీద బరువు పేర్చి చూడడం. స్లాబు మోయాల్సిన వాడుక బరువుకు ఒకటింపావు రెట్లు పైన ఉంచి, 24 గంటలు ఆగి, దించేస్తారు. ఆ తర్వాత 24 గంటల్లో వంగిన దాంట్లో 75 శాతమైనా స్లాబు తిరిగి పైకి రావాలి. రాకపోతే 72 గంటలు విరామమిచ్చి మళ్లీ బరువు పేరుస్తారు. రెండోసారి కనీసం 80 శాతం వెనక్కి రాకపోతే ఆ స్లాబును ఒప్పుకోరు.